కమ్‌కూ కామ్‌కూ మధ్య

నిన్న, మంగళవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు, బహ్రెయిన్ రాజధాని మనామాలోని ప్రభుత్వాసుపత్రిలో మా పక్కగది బాబాయి చనిపోయారు. గుండెపోటు. వయసు యాభై ఆరు. ఒక కేసులో ఆయన ముద్దాయి. దేశం దాటి వెళ్ళకూడదని కోర్టు ఉత్తర్వు ఇచ్చి పద్నాలుగు నెలలైంది. దాన్ని ఎత్తేయమని ఆయన నాలుగుసార్లు అర్జీ పెట్టుకున్నారు. నాలుగూ తిరిగొచ్చాయి. శవాన్ని స్వదేశానికి పంపడానికి అభ్యంతరం లేదన్న కాగితం ఇవాళ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు మా చేతికొచ్చింది. దానికి ఒక రోజు పట్టింది.

ఆయన నాకు చుట్టం కాదు. హూరా పేటలో లాండ్రీ పైన ఉన్న బిల్డింగులో, ఆయన గదికీ నా గదికీ మధ్య ఎనిమిదేళ్ళుగా ఒక ప్లైవుడ్ గోడ ఉంది. ఆయనది కోనసీమ. అక్కడివాళ్ళందరిలాగే చిన్నా పెద్దా తేడా లేకుండా అందరినీ అండీ అనేవారు. నేను ఆయనకన్నా పదహారేళ్ళు చిన్న, అయినా నన్ను ‘విలేఖరి గారు’ అనే పిలిచారు. బిల్డింగులో ఉన్న తెలుగువాళ్ళందరికీ ఆయన బాబాయి. బజార్లో మలయాళీలు, అరబ్బులు కూడా బాబాయీ అనేవాళ్ళు. అది ఆయన పేరనుకునేవాళ్ళు.

ఆయన చేసిన పని మీలో చాలామందికి తెలిసి ఉండదు. కుట్టుమిషన్ల మెకానిక్‌గా బహ్రెయిన్ వచ్చారు. కువైట్ యుద్ధం ముగిసిన తర్వాత రెడీమేడ్ బట్టలు పెరిగి మిషన్ల బేరం పడిపోయింది. ఆయన కఫీల్, అంటే వీసా ఇచ్చిన దుకాణదారు, మిషన్లు తగ్గించి సైకిళ్ళూ ఆటసామానూ తెప్పించడం మొదలుపెట్టాడు. ఆ సామానులో జపాన్ నుంచి ఎయిర్‌సాఫ్ట్ తుపాకులు వచ్చాయి. చూడటానికి అచ్చం అసలు తుపాకులే. కానీ లోపల మందుగుండు ఉండదు. చిన్న మోటారు గేర్లను తిప్పుతుంది, గేర్లు స్ప్రింగును వెనక్కి లాగి వదులుతాయి, స్ప్రింగు తోసిన గాలికి ఎండు బఠాణీ కంటే కాస్త చిన్న ప్లాస్టిక్ గుండు బయటికొస్తుంది. పెద్దవాళ్ళు జట్లుగా విడిపోయి ఆడే ఆట ఇది. గుండు తగిలినవాడు చెయ్యెత్తి పక్కకి తప్పుకుంటాడు.

మొదట్లో కంపెనీల ఇంజనీర్లు కొందరు దీన్ని దక్షిణాన ఎడారిలో ఆడేవాళ్ళు. వేసవిలో ఎడారిలో ఆడటం మనిషి వల్ల కాదు. అందుకని సీఫ్ వైపు, సముద్రం పూడ్చి ఎత్తుచేసిన నేల మీద, ఒక ఖాళీ గిడ్డంగిలో ఏసీలు పెట్టి, ప్లైవుడ్‌తో గదులూ సందులూ కట్టి ఒక హాలు తెరిచారు. చిక్కు అక్కడే వచ్చింది. ఎడారిలో మనిషికీ మనిషికీ మధ్య యాభై అడుగులుంటుంది. హాల్లో మలుపు తిరిగితే మూడడుగులు. ఎడారి తుపాకిని అలాగే తెచ్చి హాల్లో కాలిస్తే పళ్ళు రాలతాయి. కాబట్టి హాలుకు వెళ్ళే ప్రతి తుపాకినీ విప్పి దాని బలం తగ్గించాలి. తగ్గించాక మళ్ళీ పెరగకుండా చూసుకోవాలి. ఆరేళ్ళపాటు ఆ పని ఆ హాలుకు బాబాయి ఒక్కరే చేశారు.

ఎవరూ నేర్పలేదు. వచ్చిన కాగితాలు జపాను భాషలో ఉండేవి. మొదటి మూడు నెలలు అలవాటుకొద్దీ లోపల కుట్టుమిషన్ నూనె వేశారు. ఆ నూనెకి రబ్బరు రింగులు ఉబ్బిపోయాయి. గుండు నాలుగడుగుల దూరంలో రాలిపడుతుంటే ఆడేవాళ్ళు నవ్వారు. తప్పు తనదేనని ఆయనే కనిపెట్టి, ఆయనే హాలుకు వెళ్ళి చెప్పి, అన్ని తుపాకులూ వెనక్కి తెప్పించి మళ్ళీ విప్పారు. తప్పు ఒప్పుకోవడానికి ఆయన సమయం తీసుకునేవారు కాదు. తర్వాత అదే ఆయన్ని ముంచింది.

గేర్ల పెట్టె విప్పేటప్పుడు దాన్ని పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ సంచిలో పెట్టి, చేతులు సంచిలోకి దూర్చి విప్పేవారు. లేకపోతే లోపలి చిన్న స్ప్రింగు ఒకటి ఎగిరి గదిలో ఎక్కడో పడుతుంది. పెద్ద స్ప్రింగును వంటింటి త్రాసు మీద నిలబెట్టి, గీసుకున్న గుర్తు దాకా నొక్కి, ముల్లు ఎక్కడ ఆగిందో పుస్తకంలో రాసుకునేవారు. రెండు చుట్లు కోసి, కోసిన కొసను వేడిచేసి సమంగా వంచేవారు. పని అయిపోయి పంపించాక కూడా తుపాకిని వదిలేసేవారు కాదు. కోసిన స్ప్రింగు నెల తర్వాత మాట మారుస్తుందని ఆయన నమ్మకం. నెలకోసారి ప్రతిదాన్నీ వెనక్కి రప్పించి చూసేవారు. గ్యాసుతో నడిచే పిస్తోళ్ళయితే, ఎండలో నిలిపిన కారు డిక్కీలోంచి తెచ్చినప్పుడు ఎక్కువ దెబ్బ కొడతాయని గమనించి, ఆటకు ముందు అరగంట అవి హాలు చల్లదనంలో ఉండాలని నియమం పెట్టించారు.

వేగం కొలిచే యంత్రం కావాలని కఫీల్‌ను రెండుసార్లు అడిగారు. రాలేదు. అప్పుడు కాగితాలతో కొలత కనిపెట్టారు. చెక్క చట్రంలో న్యూస్‌పేపరు షీట్లు ఒకదాని వెనక ఒకటి బిగించి, అయిదడుగుల దూరం నుంచి కాల్చేవారు. గుండు ఎన్ని షీట్లు చించితే అది ఆ తుపాకి బలం. హాలుకు వెళ్ళేది రెండు చించవచ్చు, మూడోదానికి సొట్ట పడాలి తప్ప చిరగకూడదు. ఎడారి తుపాకులు ఆరు షీట్లు చించేవి. హాల్లో కంటి రక్షణకి అద్దెకిచ్చే కళ్ళద్దాల్ని కూడా రెండు కాగితాల తుపాకితోనే దగ్గరనుంచి కాల్చి చూసి, నిలిచినవే పంపేవారు.

ఆ కాగితాలు నేనిచ్చేవాణ్ణి. నేను ఇక్కడ ఒక ఇంగ్లీషు దినపత్రికలో పనిచేస్తాను. వారం పాత పేపర్లు కట్టగట్టి గురువారం మధ్యాహ్నం దుకాణంలో ఇచ్చి రావడం నాకు అలవాటు. రంగుల ప్రకటనలున్న నున్నటి షీట్లు ఆయనకి పనికొచ్చేవి కావు. మందం తేడా వస్తే లెక్క తప్పుతుందని వెనక్కిచ్చేసేవారు. జూలై, ఆగస్టు నెలల్లో గాలిలో తేమకి కాగితం మెత్తబడి తేలిగ్గా చిరుగుతుంది. అందుకని వాటిని బిస్కెట్ డబ్బాలో బియ్యం మీద పెట్టి ఆరబెట్టేవారు. ఒకసారి నా పేరుతో వచ్చిన పెద్ద కథనం ఉన్న పేజీ చట్రంలో కనిపించింది. ఆయన కాల్చి, వెనక్కి తిప్పి చూసి, సీరియస్‌గా అన్నారు.

“మీ వార్త రెండో కాగితం దాకా కూడా దిగలేదండి. మరి చదివేవాళ్ళలోకి ఎంత దిగుద్దో మీరే ఆలోచించుకోండి.”

కాగితం తర్వాత ఇంకో పరీక్ష ఉండేది. ప్రతి తుపాకినీ చివరగా తన ఎడమ చేతి మీద, మణికట్టుకీ మోచేతికీ మధ్య, మూడడుగుల నుంచి ఒక గుండు కాల్చుకునేవారు. ఎందుకని అడిగితే, కాగితానికి నొప్పి తెలియదు కదండీ అనేవారు. ఆ చేతి మీద ఎప్పుడు చూసినా అరడజను ఎర్రటి చుక్కలుండేవి. కొత్తగా వచ్చిన ఒక నర్సు దాన్ని చర్మరోగం అనుకుని మందు రాయించబోయిందని ఆయనే చెప్పుకుని నవ్వారు.

ఇక ఆ గురువారం సంగతి. నేను చూసినదీ, తర్వాత విచారించి రూఢి చేసుకున్నదీ మాత్రమే రాస్తున్నాను.

ఎడారిలో ఆడే ఒక ఇంజనీరు తన పొడవాటి తుపాకిని గేరు అరిగిందని తెచ్చిచ్చాడు. గేరు మార్చి, స్ప్రింగు కూడా తగ్గించి ఇమ్మనీ, ఇక హాల్లో ఆడుకుంటాననీ చెప్పాడు. బాబాయి గేరు మార్చారు. స్ప్రింగు పని శనివారానికి పెట్టుకున్నారు. అంటే ఆ రోజుకి అది ఆరు కాగితాల తుపాకే. వెనక గదిలో షెల్ఫులో ఎడమవైపు తయారైనవి, కుడివైపు కానివి. పెద్దది కుడివైపు ఉంది. మధ్యాహ్నం బాబాయి భోజనానికి వెళ్ళినప్పుడు హాలు డ్రైవరు వచ్చాడు. అతను కొత్తవాడు. షెల్ఫులో ఉన్నవన్నీ ఎత్తుకుపోయాడు. బాబాయికి అది తెలియదు.

హాల్లో సూపర్‌వైజరు ఒక సూడానీ. జాగ్రత్తపరుడు. రావలసినవి నాలుగైతే అయిదు వచ్చాయని గమనించాడు. అనుమానం వచ్చే ఫోన్ చేశాడు. ఆ సంగతి రాయకపోతే అతనికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. అతని మాతృభాష అరబ్బీ, బాబాయిది తెలుగు. ఇద్దరూ మాట్లాడుకునేది బజారు హిందీ.

ఫోన్ మోగినప్పుడు నేను దుకాణంలో ఉన్నాను. మూడూ పది అయింది. ఎదురుగా కూర్చున్నాను కాబట్టి బాబాయి మాట నాకు స్పష్టంగా వినపడింది. అవతలి మనిషి ఆ పెద్దది బాగుందా అని అడిగాడట. అది తన షెల్ఫులోనే ఉందనుకుంటున్న బాబాయి, సిద్ధమైందా అని అడుగుతున్నాడనుకున్నారు. ఆయన అన్నది ఇంతే.

“కమ్ కర్తా, భాయ్. కమ్ కర్తా.”

తగ్గిస్తాను అని. అవతల ఏసీ కంప్రెసర్ల హోరులో సూపర్‌వైజరు విన్నది ‘కామ్ కర్తా’. పనిచేస్తుంది అని. మనకి ‘క’కీ ‘కా’కీ మధ్య ఉన్న దూరం పుట్టినప్పటినుంచీ తెలుసు. ఫోన్లో, ఇద్దరికీ సొంతం కాని భాషలో, ఆ దూరం నిలవలేదు.

బాబాయి ఫోన్ పెట్టేసి నేనిచ్చిన కట్ట విప్పి నున్నటి షీట్లు ఏరసాగారు. నేను ఆఫీసుకు వెళ్ళిపోయాను. నాలుగూ నలభైకి హాల్లో, ఒక మలుపు దగ్గర, ఆ తుపాకి గుండు ఒక ఆటగాడి కళ్ళద్దాన్ని పగలగొట్టింది. అతనికి ముప్పై ఏళ్ళుంటాయి. బహ్రెయినీ, బ్యాంకులో ఉద్యోగి. ఎడమ కన్ను పోయింది. అయిదింటికి దుకాణం కట్టేయబోతూ బాబాయి షెల్ఫు చూశారు. వెంటనే హాలుకు ఫోన్ చేశారు, ఎవరూ ఎత్తలేదు. టాక్సీ పట్టుకుని వెళ్ళేసరికి అంబులెన్సు వెళ్ళిపోయింది, పోలీసులు వచ్చారు.

ఆ సాయంత్రం ఆ వార్త రాసింది నేను. నాలుగు వాక్యాలు. హాలు వాళ్ళు ఫోన్లో చెప్పినదాన్ని చెప్పినట్టే రాశాను. తుపాకి సరిగా ఉందని మెకానిక్ ఫోన్లో ధ్రువీకరించాడు అని. పేరు వేయలేదు. ఆ మెకానిక్ ఎవరో నాకు తెలుసు. ఆయన పోలీస్ స్టేషన్లో ఉన్నారు, అందుబాటులో లేరు, పేజీ ఏడింటికి వెళ్ళిపోవాలి. ఆయన వాదన తెలియరాలేదు అన్న వాక్యం కూడా నేను చేర్చలేదు. మధ్యాహ్నం నేను విన్న ఫోనే ఈ ఫోనని నాకు తట్టలేదు.

శనివారం ఆయన్ని వదిలిపెట్టారు. ఒక తెలుగు మేస్త్రీ పూచీ మీద, పాస్‌పోర్టు కోర్టులో పెట్టించుకుని. గదికొచ్చి స్నానం చేసి, నా గదిలోకి వచ్చి కూర్చున్నారు. జరిగింది వరసగా చెప్పారు. కమ్ కర్తా అన్న చోటుకి వచ్చేసరికి నాకు ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది. నేను విన్నానని చెప్పాను. ఆయన పేపరు చూశానన్నారు.

“నాలుగు లైన్లూ సరిగానే ఉన్నాయండి. నన్నడగడం ఒక్కటే లేదు.”

ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు తేలికయ్యేది. మర్నాడు నేను సవరణ రాసి మా సంపాదకుడికి ఇచ్చాను. కేసు కోర్టుకు వెళ్ళిందనీ, తేలిన తర్వాత వేద్దామనీ అన్నారు. ఆ నియమం సరైనదే. ఆ నాలుగు వాక్యాల కత్తిరింపు కేసు ఫైల్లో చేరింది. సవరణ నా బల్ల సొరుగులో ఉంది.

అసలు దెబ్బ పోలీసుల కాగితంలో ఉంది. బాబాయి చెప్పినదాన్ని హిందీ తెలిసిన ఒక కానిస్టేబులు విని, అరబ్బీలో చెప్పాడు. రాసేవాడు రాసుకున్నాడు. తర్వాత ఆ కాగితం నేను చదివించుకున్నాను. ‘అది పనిచేస్తుందని ఫోన్లో చెప్పాను’ అని ఉంది. కమ్ అన్న మాటా లేదు, కామ్ అన్న మాటా లేదు. అర్థం మాత్రం ఉంది, అదీ తప్పుడు అర్థం. కింద బాబాయి సంతకం ఉంది. ఆ పేజీ మొత్తంలో తెలుగు అక్షరాలు అవే.

చదవకుండా ఎందుకు సంతకం పెట్టారని నేను కోప్పడ్డాను. ఆయన మెల్లగా, తప్పు తనదేనన్నారు. నేను వాదించాను. ఆయన చెప్పింది మాత్రం ఇప్పటికీ నాకు ఎదురులేని మాటలాగే ఉంది.

“నేను తెలుగులో చెప్పలేదండి. ఆయన అరబ్బీలో అడగలేదు. ఇద్దరం మూడోవాడి మాటలు అప్పు తెచ్చుకున్నాం. ఫోన్లో మాట చెప్పకూడదండి, అంకె చెప్పాలి. ఆరు కాగితాలు అని ఉంటే ఆ కుర్రాడి కన్ను ఉండేది.”

ఆ తర్వాత ఆయన హిందీ మాట్లాడటం మానేశారు. కఫీల్ ఆయన్ని తుపాకుల బల్ల మీద నుంచి లేపి సైకిళ్ళ దగ్గర కూర్చోబెట్టాడు. గొలుసులు వేయడం, గాలి కొట్టడం. ఎవరొచ్చినా తెలుగులోనే మాట్లాడేవారు. అర్థం కాకపోతే చిన్న పలక మీద సుద్దతో అంకె రాసి చూపించేవారు. సాయంత్రానికా రేపటికా అన్నది కూడా గడియారం బొమ్మ గీసి చెప్పేవారు. మొదట్లో జనం వేళాకోళం చేశారు. బాబాయికి పిచ్చి పట్టిందని ఒక హైదరాబాదీ డ్రైవరు నాతో అన్నాడు. తర్వాత అలవాటు పడ్డారు. పద్నాలుగు నెలల్లో, ఒక్కసారి తప్ప, హిందీ మాటగానీ అరబ్బీ మాటగానీ ఆయన నోట నేను వినలేదు. ఆఖరికి పద అనే యల్లా, అయిపోయింది అనే ఖలాస్ కూడా.

కన్ను పోయినతను మూడు నెలల తర్వాత దుకాణానికి వచ్చాడు. నల్లద్దాలు పెట్టుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను. ఆ తుపాకి లోపల ఎలా ఉంటుందో చూపించమని అడిగాడు. బాబాయి అలాంటిదే ఇంకొకటి తెచ్చి, సంచిలో పెట్టి విప్పి, స్ప్రింగు తీసి అతని అరచేతిలో పెట్టారు. అతను దాన్ని వేళ్ళతో నొక్కి చూశాడు. మనామా పాత బజారులో పెరిగినవాడు, మనవాళ్ళ హిందీ అతనికి బాగా వచ్చు. ఫోన్లో ఏమన్నావని అడిగాడు. బాబాయి తెలుగులోనే జవాబు చెబుతూ, ఆ రెండు మాటలు మాత్రం ఆ రోజు అన్నట్టే అన్నారు. మిగతాది నేను హిందీలో చెప్పాను. అతను తనలో తాను కమ్ అనీ కామ్ అనీ రెండుసార్లు అనుకున్నాడు. తల ఊపాడు.

“నువ్వు చెప్పేది నమ్ముతున్నాను. నమ్మినా కన్ను రాదు. కేసు ఉండనీ. ఒకడైనా కూర్చుని పూర్తిగా వినాలి కదా.”

స్ప్రింగు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. అతనన్నదాంట్లో తప్పేమీ లేదని బాబాయి అన్నారు. తనకి కూడా కావలసింది అదేనన్నారు. విడుదల గురించి గానీ, ఊరు గురించి గానీ అంత ఆత్రం చూపించగా నేను చూడలేదు. ఎవరో ఒకరు ఆ మాటను ఆ మాటగా వినాలి. ఫైల్లో ఆ మాట ఎక్కాలి. ఆయన బతికిన మిగతా పదకొండు నెలలూ ఆ ఒక్కదాని కోసమే.

వాయిదాలు ఇలా నడిచాయి. మొదటిసారి సూపర్‌వైజరు సెలవు మీద సూడాన్ వెళ్ళాడు. రెండోసారి మీ భాష ఏమిటని అడిగితే బాబాయి తెలుగు అన్నారు. తెలుగు దుబాసీ లేడు, హిందీలో చెప్పమన్నారు. ఆయన చెప్పనన్నారు. వాయిదా పడింది. మూడోసారి జడ్జి మారారు. నాలుగోసారి దుబాసీ అని పిలిపించినతను తమిళుడు. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. అయిదోసారి నన్ను సాక్షిగా చేర్చుకోవడానికి కోర్టు ఒప్పుకుంది, తెలుగు దుబాసీగా ఒక కంపెనీ క్లర్కు పేరు నమోదైంది, కానీ ఆ రోజు వినడానికి వేళ మించింది. అయిదు వాయిదాలకీ బాబాయి గంట ముందే వెళ్ళి వరండాలో బల్ల మీద కూర్చున్నారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో ప్లాస్టిక్ కవరు. కవరులో స్ప్రింగు లెక్కలు రాసుకున్న పుస్తకం. ఆ పుస్తకం ఎవరూ అడగలేదు.

ఊళ్ళో ఉన్న ఆయన భార్యని, అంటే పిన్నిని, నేనెప్పుడూ చూడలేదు. ప్రతి శుక్రవారం ఉదయం బాబాయి కిందనున్న బూత్ నుంచి ఆవిడకి ఫోన్ చేసేవారు. మొదట్లో ఫలానా తారీఖుకి తేలిపోద్దని చెప్పేవారు. మూడో వాయిదా తర్వాత తారీఖులు చెప్పడం మానేశారు. తిండి తగ్గింది. గోడ అవతల నుంచి వినిపించే రేడియో ఆగిపోయింది. ఆదివారాలు చేపల పులుసు వండి గిన్నె పంపే మనిషి, నేను పంపిన గిన్నె మూత తీయకుండా మర్నాడు తిరిగిచ్చిన రోజులున్నాయి. ఛాతీలో మంటగా ఉందన్నారు ఒకటి రెండుసార్లు. డాక్టరు దగ్గరికి రమ్మంటే, కేసయ్యాక ఊళ్ళో చూపించుకుంటాననేవారు. నేను గట్టిగా పట్టుబట్టలేదు. ఇదీ రాయవలసిన విషయమే.

పోయిన శుక్రవారం మాత్రం పిన్నికి తారీఖు చెప్పారట. ఆరో వాయిదా ఈ శనివారం. ఈసారి విలేఖరి గారు చెబుతారు, ఆయన చెప్పాక ఇంక అయిపోయినట్టే అన్నారట.

సోమవారం రాత్రి మామూలుగానే పడుకున్నారు. మంగళవారం నాలుగూ నలభై ప్రాంతంలో ప్లైవుడ్ గోడ మీద చేత్తో కొట్టిన చప్పుడైంది. వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని ఉన్నారు, చొక్కా చెమటకి తడిసిపోయింది. కింద లాండ్రీ వాళ్ళ వ్యానులో తీసుకెళ్ళాం. దారిలో ఒక్కటే మాట అన్నారు, శనివారానికి లేస్తానా అండీ అని. లేస్తారన్నాను. వార్తల్లో నేను ఆధారం లేకుండా ఒక్క మాట రాయను. అక్కడ అన్నాను.

ఆసుపత్రిలో ఆయన వస్తువులు నాకప్పగించేటప్పుడు, సంతకం పెట్టే ముందు మనిషిని ఒకసారి చూడమన్నారు. దుప్పటి తీశారు. ఎడమ చెయ్యి బయటే ఉంది. మణికట్టు నుంచి మోచేతి దాకా ఒక్క చుక్క కూడా లేదు.

ఇవాళ పొద్దున నేను కోర్టు గుమాస్తా దగ్గరికి వెళ్ళాను. ముద్దాయి చనిపోతే ఏం జరుగుతుందని అడిగాను. కేసు మూసేస్తారన్నాడు. దోషి అని గానీ నిర్దోషి అని గానీ రాయరు. మరి సాక్షి సంగతేమిటన్నాను. సాక్షి దేనికన్నాడు. మర్యాదగానే అన్నాడు. కూర్చోమని టీ కూడా ఇప్పించాడు. ఫైల్లో ఇప్పటికే ఉన్న కాగితాలు అలాగే ఉంటాయి. కొత్తవేవీ చేరవు. అంటే పోలీసులు రాసుకున్న ‘పనిచేస్తుంది’ ఉంటుంది, నా నాలుగు వాక్యాలు ఉంటాయి. బ్యాంకు ఉద్యోగికి ఫోన్ చేసి చెప్పాను. అయితే ఇంక ఎవరూ వినరన్నమాట అన్నాడు. మా సంపాదకుడిని సవరణ గురించి అడిగాను. తీర్పు లేని కేసుకి సవరణ ఎలా వేస్తామన్నారు. అందుకే ఇది ఇక్కడ, మన భాషలో రాస్తున్నాను. ఇది ఫైలు కాదని నాకు తెలుసు.

మధ్యాహ్నం కాగితం చేతికొచ్చాక పిన్నికి ఫోన్ చేశాను. ఏడుపు లేదు, అప్పటికి అయిపోయి ఉంటుంది. విమానం వివరాలు రాసుకున్నారు. ఒకసారి మళ్ళీ చదివి వినిపించారు. తర్వాత అడిగారు.

“శనివారం మీరు చెబుతారన్నారండి ఆయన. మరి చెబుతారాండీ?”

గుమాస్తా చెప్పింది చెప్పాను. ఆవిడ, దహనం శనివారం పదకొండు గంటలకి పెట్టుకున్నామండి అని ఫోన్ పెట్టేశారు.

పెట్టె రేపు, గురువారం సాయంత్రం బొంబాయి విమానంలో వెళుతుంది. శుక్రవారం హైదరాబాదు. అక్కణ్ణించి వ్యాను. శనివారం తెల్లవారేసరికి ఊరు చేరుతుంది. శవానికి అనుమతి ఇచ్చిన ఆఫీసు వేరు, కోర్టు వేరు. మరణ ధ్రువపత్రం అరబ్బీ నకలు ఆదివారం గానీ కోర్టుకు చేరదు. కాబట్టి శనివారం జాబితాలో ఆయన పేరు ఉంటుంది. కేసు ఉదయం తొమ్మిదిన్నరకు. కోనసీమలో అప్పుడు మధ్యాహ్నం పన్నెండు. బంట్రోతు వరండాలోకి వచ్చి ఆయన పేరు మూడుసార్లు పిలుస్తాడు. మూడోసారికీ ఎవరూ పలక్కపోతే ఫైల్లో గైర్హాజరు అని రాస్తారు.